కొత్త కెనడియన్ విస్కీ సీసా తెరిచే ముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కొత్త బ్లెండెడ్ విస్కీ ఒకటి కొన్నానని, ఎలా రుచి చూడాలో చెప్పమని మెసేజ్ పెట్టావు. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా.

ముందు ఒక సంగతి. సీసా మీద ‘బ్లెండెడ్’ అని ఉండటం చూసి తక్కువ రకమేమో అని నీకు అనుమానం ఉన్నట్టుంది. అది మన ఊరి నుంచి వెంట వచ్చిన అనుమానం. అక్కడ మామూలు ధర విస్కీల్లో చాలావాటికి మొలాసిస్ (చెరకు మడ్డి) నుంచి తీసిన స్పిరిటే ఆధారం. సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో చేసేది) అంటే గొప్ప, బ్లెండ్ అంటే చవక అని మనవాళ్ల లెక్క. కెనడాలో ఆ లెక్క చెల్లదు. ఇక్కడి పనితనమంతా కలపడంలోనే ఉంది.

బోర్బన్ అనే విస్కీ చేసే అమెరికా వాళ్లు మొక్కజొన్న, రై (గోధుమ లాంటి గింజ), బార్లీ అన్నీ కలిపి ఒకేసారి ఉడికించి, పులియబెట్టి, బట్టీ పెడతారు. ఇక్కడ చాలా డిస్టిలరీల్లో ఏ గింజ దారి దానిదే. విడిగా పులుస్తుంది, విడిగా బట్టీకెక్కుతుంది, విడిగా పీపాల్లో ముదురుతుంది. కలపడం ఆ తర్వాత. అమ్మమ్మ సాంబారు పొడికి ధనియాలు, శనగపప్పు, ఎండుమిర్చి వేటికవి వేయించుకుని చివర్లో కలిపి దంచేది, గుర్తుందా? అచ్చం అదే పద్ధతి.

అలా కలిపేవాటిలో రెండు రకాలుంటాయి. ఒకటి బేస్ విస్కీ. ఎక్కువగా మొక్కజొన్నది, 94-95 శాతం ఆల్కహాల్ దాకా శుద్ధి చేసి, సాధారణంగా ముందు వాడేసిన పీపాల్లో పెడతారు. నునుపు, తేలికపాటి తీపి దీనివల్ల వస్తాయి. రెండోది ఫ్లేవరింగ్ విస్కీ. చాలాసార్లు రైతో చేస్తారు. తక్కువ ఆల్కహాల్ శాతం దగ్గరే ఆపుతారు కాబట్టి గింజ వాసన, ఘాటు అందులో నిలిచి ఉంటాయి. నువ్వు రుచి చూసేటప్పుడు వెతకాల్సింది ఈ రెండూ ఎలా కలిశాయన్నదే.

లేబుల్‌ని మరీ నమ్మకు. ఇక్కడి చట్టం దృష్టిలో ‘కెనడియన్ విస్కీ’, ‘కెనడియన్ రై విస్కీ’, ‘రై విస్కీ’ మూడూ ఒకటే. రై ఇంత శాతం ఉండాలన్న నియమమే లేదు. కెనడాలోనే తయారై, 700 లీటర్లు మించని చెక్క పీపాల్లో కనీసం మూడేళ్లు ఉండాలి, 40 శాతం ఆల్కహాల్‌కి తగ్గకూడదు. ఇవే ముఖ్యమైన షరతులు. కారమెల్ (మాడ్చిన చక్కెర రంగు) కలపొచ్చు, కాబట్టి ముదురు రంగు చూసి పాత సరుకనుకోకు. కొద్దిగా వైన్ గానీ వేరే స్పిరిట్ గానీ కలపడానికి కూడా అనుమతి ఉంది. ఆల్బర్టా ప్రీమియం డార్క్ హార్స్ అనే ఇక్కడి విస్కీలో బోర్బన్, షెర్రీ అనే వైన్ పడతాయి. నాకైతే అది మోసంగా ఎప్పుడూ అనిపించలేదు. కలిపినా రైని అణచకుండా ఉందా లేదా అన్నదే చూస్తాను.

ఇక గ్లాసు. మూతి ఇరుకుగా ఉన్న చిన్న వైన్ గ్లాసు చాలు. 25 మిల్లీలీటర్లు పోసుకో. పెగ్గు లెక్కలు ఆ రోజుకి పక్కన పెట్టు. ఫ్రిజ్ నీళ్లు, ఐస్ వద్దు, చల్లదనం వాసనని కట్టిపడేస్తుంది. పోసిన వెంటనే తాగకుండా పది నిమిషాలు వదిలెయ్యి. ఆ లోపు మిర్చి బజ్జీ, మసాలా పల్లీల జోలికి పోకు. నాలుక మండుతుంటే రై ఘాటు ఏదో, కారం ఏదో తెలియదు. అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు. గంట ముందు చప్పగా ఏదైనా తిను.

వాసన దగ్గర తొందరపడకు, సగం రుచి అక్కడే ఉంది. గ్లాసుని గిరగిరా తిప్పొద్దు, ఆల్కహాల్ ముక్కుకెక్కుతుంది. నోరు కొంచెం తెరిచి, గ్లాసు అంచుకి కాస్త ఎడంగా ముక్కు పెట్టి మెల్లగా పీల్చు. మొదట వెనీలా, పాకం లాంటివి వస్తాయి. అవి ఎక్కువగా పీపా చెక్కవి. కొబ్బరి వాసన తగిలినా చెక్కదే. రెండు నిమిషాలాగి మళ్లీ చూడు. లవంగం, మిరియం, శొంఠి కనబడితే రై పలుకుతోందన్నమాట. తోచిన పేరు తెలుగులోనే రాసుకో. సీసా వెనక రాసిన వర్ణన మాత్రం ముందే చదవకు. చదివితే అందులో ఉన్నవే నీ ముక్కుకీ తగులుతాయి.

మొదటి గుక్క నోటిని అలవాటు చెయ్యడానికే, దాంతో తీర్పు చెప్పకు. రెండో గుక్క చిన్నగా తీసుకుని, నాలుకంతా తడిసేలా కాసేపు ఉంచి మింగు. తీపి ముందొచ్చి, మధ్యలో మసాలా లేచి, చివర్లో కాస్త చేదు మిగిలితే కలిపినవాడికి చెయ్యి తిరిగిందని అర్థం. తీపి వచ్చి అక్కడే ఆగిపోతే నా లెక్కలో అది మామూలు సరుకు. తర్వాత మామూలు నీళ్లు రెండు మూడు చుక్కలు వేసి మళ్లీ చూడు. 40 శాతం దానికి అంతకంటే ఎక్కువ వేస్తే పలచబడిపోతుంది.

వీలైతే పక్కన ఇంకో గ్లాసులో లాట్ 40 పోసుకో. అది మా విండ్సర్‌లోని హైరమ్ వాకర్ డిస్టిలరీలో చేసే నూరు శాతం రై. దాన్ని ఒకసారి వాసన చూశాక నీ బ్లెండ్‌లో రై ఎక్కడుందో ముక్కే పట్టేస్తుంది. రెండు గ్లాసులూ పూర్తిగా తాగాలని లేదు. ఉమ్మెయ్యడం ఇక్కడ రుచి చూసేవాళ్లు చాలామంది చేసే పనే. నీది ఇంకా జీ2 లైసెన్సే, అంటే పూర్తి డ్రైవింగ్ లైసెన్సుకి ముందు మెట్టు. ఒంటారియోలో జీ2 వాళ్ల ఒంట్లో ఆల్కహాల్ సున్నా ఉండాలి. ఆ సాయంత్రం కారు తాళాలు ముట్టుకోకు, ఇది మాత్రం నాకు మాటివ్వాలి.

ఖాళీ గ్లాసుని రాత్రి కడగకుండా వదిలేసి పొద్దున వాసన చూడు. ఆల్కహాల్ ఎగిరిపోయి, చెక్క, గింజ ఎంతెంతో అప్పుడు బాగా తెలుస్తుంది. రెండు వారాలాగి అదే సీసాలోంచి మళ్లీ కొంచెం పోసుకో. గాలి తగిలాక కొన్ని మెరుగవుతాయి, కొన్ని చప్పబడతాయి. అప్పటికీ నచ్చకపోతే జింజర్ ఏల్ అనే అల్లం సోడాలో కలుపుకో. ఇక్కడివాళ్లు తరతరాలుగా అలా ఇష్టంగా తాగుతున్నారు. రాసుకున్న కాగితం ఫొటో తీసి పంపు, లాట్ 40తో పోల్చి రాసింది తప్పకుండా ఉండాలి.

నీ మామయ్య,
విండ్సర్