తిరుపతిలో రోజూ సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లడం కుదిరే పనేనా?

ప్రశ్న: తిరుపతిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచి ఆఫీసు ఏడు కిలోమీటర్లు. బండి కొనే బదులు సైకిల్ మీద వెళ్దామనుకుంటున్నాను. చెమట, ట్రాఫిక్, ఎండ తట్టుకోగలనా? చూసేవాళ్లు ఏమనుకుంటారో అని కూడా ఉంది. రోజూ వెళ్లేవాళ్లు ఉంటే చెప్పండి.

జవాబు:

కుదురుతుంది. నేను నాలుగేళ్లుగా వెళ్తున్నాను. కాకపోతే మీరు ఎన్ని కిలోమీటర్లో చెప్పారు గానీ, పొద్దున ఎన్నింటికి బయలుదేరాలో చెప్పలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది. ఏడుకు బయలుదేరేవాడికి ఏడు కిలోమీటర్లు లెక్క కాదు. ఎనిమిదిన్నరకు బయలుదేరితే మూడు కిలోమీటర్లకే తల ప్రాణం తోకకొస్తుంది.

మా ఇల్లు కపిలతీర్థం రోడ్డుకు దగ్గర. పని తిరుచానూరు రోడ్డు వైపు, ఒక మందుల హోల్‌సేల్ గోడౌన్‌లో లెక్కలు చూడటం. పోను ఆరున్నర కిలోమీటర్లు, రాను ఆరున్నర. పొద్దున 7.10కి గేటు దాటితే 7.40కల్లా గోడౌన్ దగ్గర ఉంటాను. ఒక నెల పాప స్కూలు కోసం 8.20కి బయలుదేరాల్సి వచ్చింది. అదే దారికి నలభై అయిదు నిమిషాలు పట్టేది, పైగా చొక్కా పిండితే నీళ్లు కారేవి. లీలామహల్ సర్కిల్ దగ్గర స్కూలు ఆటోలు, కాలేజీ బస్సులు, యాత్రికుల జీపులు అన్నీ ఒకేసారి దిగేది ఆ టైములోనే. వాటి మధ్యలో ఆగడం, దిగడం, మళ్లీ తొక్కడం. చెమట పట్టేది తొక్కడం వల్ల కాదండీ, ఆగడం వల్ల. కదులుతున్నంత సేపూ గాలి తగులుతుంది. సిగ్నల్ దగ్గర బస్సు ఇంజను పక్కన రెండు నిమిషాలు నిలబడ్డామా, అయిపోయినట్టే.

ఇంకో విషయం. మన ఊరు వాలుగా ఉందని నాకు సైకిల్ ఎక్కేదాకా తెలియదు. పదేళ్లు స్కూటర్ మీద తిరిగాను, ఒక్కసారి కూడా అనిపించలేదు. శేషాచలం కొండ కాళ్ల దగ్గర నుంచి స్వర్ణముఖి వైపు ఊరంతా మెల్లగా కిందికి దిగుతుంది. వాన నీళ్లు ఎటు పరిగెడతాయో చూస్తే తెలిసిపోతుంది. నాకు పొద్దున పల్లం, సాయంత్రం ఎత్తు. పోయేటప్పుడు సగం దారి పెడల్ ముట్టుకోనక్కర్లేదు. వచ్చేటప్పుడు రామానుజ సర్కిల్ దాటినప్పటి నుంచి తొడలు లెక్క చెబుతాయి. ఎత్తని చూస్తే ఎక్కడా కనబడదు, కాళ్లకే తెలుస్తుంది. మీ ఇల్లు కింద, ఆఫీసు కొండ వైపు ఉంటే మీకు ఇది తిరగబడుతుంది, పొద్దున్నే చెమట పడుతుంది. అప్పుడు ఇంకో పది నిమిషాలు ముందే బయలుదేరండి.

ఈ ఎత్తు కోసమే గేర్ల సైకిల్ కొనేద్దామని నాకూ అనిపించింది. షాపులో పాతిక వేలు చెప్పారు. మా వీధి చివర సైకిల్ మెకానిక్ ఉన్నాడు, పెద్దాయన. 'ఎందుకు సామీ పాతిక వేలు' అని, నా మామూలు సైకిల్‌కి వెనక ఉన్న పద్దెనిమిది పళ్ల ఫ్రీవీల్, అదే చైను తిరిగే పళ్ల చక్రం, తీసేసి ఇరవై రెండు పళ్లది వేశాడు. పల్లంలో వేగం కాస్త తగ్గింది గానీ ఎత్తులో దిగి తోసుకుపోయే పని తప్పింది. సీటు కూడా ఆయనే పైకి లేపాడు. సీటు మీద కూర్చుని కిందికి ఉన్న పెడల్ మీద మడమ పెడితే మోకాలు నిటారుగా రావాలన్నాడు. మనలో చాలామంది సీటు కిందికి పెట్టుకుని తొక్కి, మోకాళ్ల నొప్పులని సైకిల్ మానేస్తారు.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే పెట్రోలు మిగులుతుందని ఊహించుకుని పెద్ద సైకిల్ కొనేవాళ్లను చూశాను. రోజుకు పదమూడు కిలోమీటర్లు, నెలకు పాతిక రోజులు అంటే 325 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే స్కూటర్‌కి ఏడు లీటర్ల పైచిలుకు. ఎనిమిది వందలు మిగులుతాయనుకోండి. పాతిక వేల సైకిల్ కొంటే ఆ డబ్బు రాబట్టడానికి రెండున్నరేళ్లు పడుతుంది. నాది సెకండ్ హ్యాండ్, మూడున్నర వేలు. దొంగ ఎత్తుకుపోయినా నిద్ర పడుతుంది.

ట్రాఫిక్ గురించి. ఇక్కడి ట్రాఫిక్ వేరే ఊళ్ల లాంటిది కాదు. మన రోడ్ల మీద సగంమంది ఆ రోజే ఊళ్లోకి వచ్చినవాళ్లు. గుండు గీయించుకుని, గంధం పూసుకుని, కుటుంబమంతా చేతులు పట్టుకుని రోడ్డు దాటుతుంటారు. చూపు కొండ మీద ఉంటుంది, బండ్ల మీద ఉండదు. యాత్రికులు దిగే వసతి భవనాలు, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం దగ్గరా, బస్టాండ్ పక్కన శ్రీనివాసం దగ్గరా మరీ ఎక్కువ. బెల్లు కొడితే ఎవరూ వినరు. 'సామీ, కొంచెం పక్కకు' అంటే మాత్రం తమిళాయన అయినా, కన్నడ ఆవిడ అయినా చటుక్కున జరుగుతారు. నా బెల్లు పాడై రెండేళ్లయింది, బాగు చేయించలేదు.

భయపడాల్సింది వాళ్లకు కాదు, ఆగి ఉన్న జీపులకు. రెండో ఏడాది అనుకుంటా, బస్టాండ్ దాటాక ఒక ట్రావెల్స్ జీపు పక్కగా పోతున్నాను. డ్రైవర్ వెనక్కి చూడకుండా తలుపు తెరిచాడు. హ్యాండిల్ అంచు తలుపుకు తగిలి నేను రోడ్డు మీద, సైకిల్ నా మీద. వెనక వస్తున్న ఆటో అతను బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. మోచేయి గీసుకుపోయింది, క్యారియర్‌లో పప్పు రోడ్డు పాలు. జీపతను దిగి 'చూసుకుని రావొద్దా ణా' అని నన్నే అడిగాడు. అప్పటి నుంచి ఆగి ఉన్న బండికి తలుపంత దూరం వదిలే పోతాను, వెనకవాడు ఎంత హారన్ కొట్టినా సరే. సైకిల్ వాడు రోడ్డు అంచుకు ఒదిగి ఒదిగి పోతేనే క్షేమం అనుకుంటారు గానీ, అంచున గుంతలు, ఇసుక, తెరుచుకునే తలుపులు అన్నీ ఉంటాయి. కొంచెం లోపలికే ఉండండి.

ఊరి మధ్యలో ఫ్లైఓవర్ ఉంది చూడండి. కొందరు గరుడ వారధి అంటారు, కొందరు శ్రీనివాస సేతు అంటారు, మా ఇంట్లో 'బ్రిడ్జి' అంటే అదే. 2023 సెప్టెంబరులో మొత్తం తెరిచారు. నేను దాని మీద ఎక్కను. పైన బండ్లు వేగంగా పోతాయి, మధ్యలో అలిసిపోతే దిగే దారి ఉండదు. నాకు దాని నీడ కావాలి. కట్టేటప్పుడు ఆ దుమ్ముకు ఎన్ని తిట్టుకున్నామో, మే నెలలో దాని కింద పోతున్నప్పుడు అంత దండం పెట్టుకుంటాను. ఎండలో నుంచి ఆ నీడలోకి సైకిల్ దూరగానే ముఖం మీద తడిగుడ్డ వేసినట్టు ఉంటుంది. బండి మీద పోయేవాళ్లకు ఆ తేడా అంతగా తెలియదు.

ఎండాకాలం పొద్దున ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రమే కష్టం. పగలంతా కాగిన కొండ, పొద్దుగూకాక కూడా సెగ వదులుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో నేను అయిదున్నరకు పని అయిపోయినా ఆరున్నర దాకా గోడౌన్ దాటను. పెరుగులో నీళ్లు పోసి, ఉప్పు, అల్లం వేసి ఒక సీసా ఇంటి నుంచే తెచ్చుకుంటాను. దారిలో చల్లటి కూల్‌డ్రింకు తాగి తొక్కితే కడుపు పట్టేస్తుంది, అనుభవంతో చెబుతున్నాను.

వానకు మాత్రం నేను సైకిల్ తీయను. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కదా. 2021 నవంబరు వరదలప్పుడు కపిలతీర్థం జలపాతం ఎలా దూకిందో, ఆ నీళ్లు రోడ్ల మీద ఎలా పారాయో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నీళ్ల కింద గుంత ఉందో, మూత లేని మ్యాన్‌హోల్ ఉందో కనబడదు. రిము తడిస్తే బ్రేకు పట్టదు. రైల్వే అండర్ బ్రిడ్జిల వైపు అసలు పోవద్దు. ఆ రోజుల్లో ఆటోకు యాభై పోయినా పర్లేదు. ఏడాదిలో ఒక ఇరవై రోజులు ఇలా పోతాయి, మిగతావన్నీ మనవే.

దీనికి పూర్తిగా తిరగబడే రోజు ఒకటుంది, తిరుచానూరులో పంచమీతీర్థం. కార్తీక బ్రహ్మోత్సవాల ఆఖరి రోజు. ఆ వైపు పోయే బండ్లను ఎక్కడెక్కడో ఆపేస్తారు. మా ఓనర్ కారు ఒక చోట, మేనేజర్ బైకు ఇంకో చోట. నేను దిగి, సైకిల్ తోసుకుంటూ సందుల్లో నుంచి పోయి గోడౌన్ షట్టర్ తెరిచాను. ఏడాదికి ఒక్క రోజు నా సైకిల్‌ని అందరూ మర్యాదగా చూస్తారు.

చెమట గురించి విడిగా చెప్పాలి, అందరూ మొదట అడిగేది అదే. సోమవారం ఒక సంచిలో అయిదు చొక్కాలు ఇస్త్రీ చేసినవి తీసుకుపోయి ఆఫీసు బీరువాలో పెడతాను, శనివారం మాసినవి తెచ్చుకుంటాను. దారిలో వేసుకునేది పాత టీషర్టు. మొదట్లో చేసిన తప్పేమంటే, దిగగానే ముఖం కడుక్కుని చొక్కా మార్చేసేవాణ్ణి. అయిదు నిమిషాలకు మళ్లీ వీపంతా తడి. ఒళ్లు లోపల ఇంకా వేడిగానే ఉంటుంది కదా. ఇప్పుడు పది నిమిషాలు ఫ్యాను కింద ఊరికే కూర్చుంటాను, పేపర్ చూస్తాను. తర్వాత తడి తువ్వాలుతో తుడుచుకుని మార్చుకుంటాను. 7.40కి చేరడం ఇందుకు కూడా పనికొస్తుంది. తొమ్మిదికి ఆఫీసు అయితే 8.55కి చేరినవాడికి ఆ పది నిమిషాలు ఎక్కడివి? బ్యాగు వీపుకు తగిలించుకోకండి, వెనక క్యారియర్‌కి కట్టండి. సగం చెమట అక్కడే తగ్గుతుంది. ప్యాంటు కుడి కాలు అంచుకు రబ్బరు బ్యాండు వేయండి. నా మంచి ప్యాంటు ఒకటి చైను నమిలేసింది.

పంక్చర్లు రోడ్డు పక్క కంపచెట్ల వల్లే ఎక్కువ. ఒకసారి ఒకే వారంలో మూడుసార్లు గాలి పోయింది. మూడుసార్లూ ప్యాచ్ వేయించాను, ట్యూబు మీద కోపమొచ్చి కొత్తది కొనబోయాను. ఆ పెద్దాయనే ఆపాడు. ట్యూబును నీళ్ల బేసిన్‌లో ముంచి బుడగలు వచ్చే చోట అగ్గిపుల్ల గుచ్చాడు. తర్వాత ట్యూబును వాల్వు ఉన్న చోటును బట్టి టైరు మీద అలాగే పరిచి, ఆ రంధ్రానికి ఎదురుగా టైరు లోపల వేలితో మెల్లగా తడిమాడు. బయటికి ఏమీ కనబడదు. లోపల మాత్రం గుండుసూది మొనంత కంపముల్లు, విరిగి అలాగే ఉండిపోయింది. పటకారుతో లాగి నా అరచేతిలో పెట్టాడు. మూడు ప్యాచ్‌లూ ఆ ఒక్క ముల్లు కోసమే. కాబట్టి ప్యాచ్ ఎవరు వేసినా, టైరు లోపల తడిమి చూశారా అని అడగండి. పొద్దున ఏడుకు ఏ షాపూ తెరవదు, అందుకని ఒక చిన్న పంపు దగ్గర పెట్టుకోండి. చిన్న లీకైతే గాలి కొట్టుకుని ఆఫీసుదాకా పోవచ్చు.

కుక్కలు: వెంటపడితే వేగం పెంచకండి. దిగి, కుక్కకూ మనకూ మధ్య సైకిల్ పెట్టుకుని నాలుగడుగులు నడవండి. వాటికి విసుగొచ్చి పోతాయి. రాత్రిపూట వెనక ఎర్ర లైటు తప్పనిసరి, అది వాదించే విషయం కాదు.

ఇక చూసేవాళ్లు. అంటారండీ. మొదటి నెల మా వీధిలో రోజుకొకరు, 'ఏం ణా, బండి రిపేరా?' రెండో నెల, 'అమ్మేసినారా?' మా అత్తగారు చిత్తూరు నుంచి ఫోన్ చేసి మా ఆవిడను గొంతు తగ్గించి అడిగిందట, 'అల్లుడికి ఏమైనా ఇబ్బందా అమ్మా, మీ నాన్నతో చెప్పమంటావా' అని. డాక్టర్ సైకిల్ తొక్కమన్నాడని చెబితే ఎవరూ ఏమీ అనరు, మెచ్చుకుంటారు కూడా. నాకు ఏ జబ్బూ లేదు, అదే చిక్కయింది. ఆర్నెల్లకు అడగడం మానేశారు. ఇప్పుడు స్కూటర్ మీద కనబడితే 'సైకిల్ ఏమైంది ణా' అని అడుగుతున్నారు.

మీరు మొదట చేయాల్సింది ఒకటే. సైకిల్ ఇంకా కొనకండి. తెలిసినవాళ్ల దగ్గర ఒక వారం అడిగి తీసుకుని, ఆదివారం కాకుండా మామూలు రోజునే, పొద్దున ఏడుకు ఒకసారి, ఎనిమిదిన్నరకు ఒకసారి తొక్కి చూడండి. ఆఫీసులో చొక్కాలు పెట్టుకోవడానికి ఒక అర దొరుకుతుందేమో కూడా అడగండి. అర దొరక్కపోతే మళ్లీ ఇక్కడే రాయండి, టిఫిన్ సంచిలోనే ఇస్త్రీ చెడకుండా చొక్కా మడిచే పద్ధతి ఒకటుంది, చెబుతాను.