క్రియాటినిన్ నార్మల్, ఈజీఎఫ్ఆర్ మాత్రం 57: రెంటిలో దేనిని లెక్కలోకి తీసుకోవాలి?

సోంపేటలో ఉంటున్న మీ అమ్మగారికి 62 ఏళ్లని, బరువు 43 కిలోలని, క్రియాటినిన్ 1.1 రావడంతో ల్యాబువారు నార్మల్ అన్నారని, అదే రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ 57 అని ఉండడంతో కంగారు పడుతున్నామని రాశారు. ఈజీఎఫ్ఆర్ వేరే పరీక్ష కాదు. అదే క్రియాటినిన్‌కు వయసు, ఆడా మగా అన్న వివరం జోడించి, సూత్రంలో వేసి, మూత్రపిండాలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడగడుతున్నాయో తీసిన అంచనా. 2021 నాటి సీకేడీ-ఈపీఐ అనే సూత్రం ప్రకారం అదే 1.1 ముప్పై ఏళ్ల మగవాడికైతే 93 వస్తుంది, మీ అమ్మగారికి 57 వస్తుంది. అందువల్ల రిపోర్టులో అందరికీ కలిపి అచ్చువేసే నార్మల్ హద్దుల కన్నా ఈ అంచనాకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

అయితే ఆ 57ను కూడా ఉన్నదున్నట్టు నమ్మనక్కరలేదు. క్రియాటినిన్ కండరాల నుండి పుట్టే వ్యర్థం కనుక, కండ తక్కువగా ఉన్నవారిలో మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నా అది పెద్దగా పెరగదు. సూత్రంలో బరువుకు గాని, కండకు గాని చోటు లేదు. అప్పట్లో వాడుకలో ఉన్న ఇలాంటి క్రియాటినిన్ సూత్రాలు భారతీయులలో మూత్రపిండాల పనిని ఉన్నదాని కన్నా ఎక్కువగా చూపుతున్నాయని చండీగఢ్ పీజీఐ వైద్యుల పరిశోధన 2018లో తెలిపింది. బక్కపలచని మనిషికి అసలు సంఖ్య 57 కన్నా తక్కువే ఉండవచ్చునన్నది నా అనుమానం.

ఈ అనుమానానికి మా నాన్నగారి అనుభవమే కారణం. ఆయనకు షుగర్ వల్ల మోకాలి కింది భాగం తీసివేయవలసి వచ్చింది. అంతకు ముందు 1.5 ఉన్న క్రియాటినిన్, పుండు మాని ఇంటికి వచ్చి కొన్ని నెలలయ్యాక 1.2కు దిగింది. ఈజీఎఫ్ఆర్ 50 నుండి 66కు చేరిందని ఇంటిల్లిపాదీ సంతోషించాము. నెఫ్రాలజిస్టు (మూత్రపిండాల వైద్యుడు) మాత్రం బాగుపడింది మూత్రపిండాలు కావని, తగ్గింది కండ అని చెప్పి, సిస్టాటిన్-సి పరీక్ష రాశారు. సిస్టాటిన్-సి అన్నది శరీరంలో కేంద్రకం ఉన్న కణాలన్నీ తయారు చేసే ప్రొటీను కావడం వల్ల దానికి కండతో అంత సంబంధం లేదు. కాని థైరాయిడ్ సమస్య, స్టెరాయిడ్లు, ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్), ఊబకాయం, పొగతాగడం దానిని తప్పుదారి పట్టిస్తాయి కనుక, ముందుగా ఆ వైద్యుడు వాటి గురించే అడిగారు. ఫలితం 1.7 వచ్చింది, దాని ప్రకారం లెక్క కడితే 68 ఏళ్ల మా నాన్నగారికి తేలింది 37. ఇది కాగితం మీది తేడా మాత్రమే కాదు: 66 దగ్గర పూర్తి మోతాదులో వాడదగిన షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌ను 45 కన్నా దిగితే తగ్గించాలి, 30 కన్నా దిగితే ఆపాలి. ఆయనకు రోజుకు 2000 మిల్లీగ్రాములు వాడుతుండగా ఆ రోజే సగం చేశారు.

మీ అమ్మగారి విషయానికి వస్తే, ఒక్క రిపోర్టుతో జబ్బు అని నిర్ణయించరు. ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువగా ఉండడం గాని, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీను పోవడం వంటి దెబ్బ గుర్తు గాని మూడు నెలలకు పైగా నిలిస్తేనే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అంటారు. మళ్లీ అదే ల్యాబులో చేయించండి, ముందు రాత్రి మాంసం వద్దు, ఎండలో పని చేసి ఒంట్లో నీరు తగ్గిన రోజున వద్దు. ట్రైమెథోప్రిమ్ ఉన్న మూత్ర ఇన్ఫెక్షన్ మాత్రలు మూత్రపిండాలకు ఏమీ కాకపోయినా క్రియాటినిన్‌ను పెంచగలవు కనుక, ఆ మధ్య ఏవైనా వాడి ఉంటే వైద్యునికి చెప్పండి. 45కూ 59కీ మధ్య ఉండి మూత్రంలో అల్బుమిన్ లేనివారికి సిస్టాటిన్-సితో నిర్ధారించుకోవడం మేలని మూత్రపిండ వైద్యానికి మార్గదర్శకాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ కేడిగో 2012లోనే సూచించింది; ఖరీదు ఎక్కువైనా అమ్మగారికి ఒకసారి చేయించడం దండగ కాదని నా అభిప్రాయం.

మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తిని కూడా చూడమని అడగండి. అది గ్రాముకు 30 మిల్లీగ్రాముల కన్నా తక్కువ వచ్చినంత మాత్రాన మీ ప్రాంతంలో నిశ్చింతగా ఉండడానికి లేదు. సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతంలో కనిపించే మూత్రపిండాల జబ్బు చాలామందిలో మూత్రంలో ప్రొటీను పెద్దగా పోకుండానే ముదురుతుంది. కాబట్టి ఏడాదికి ఒకసారైనా రక్తపరీక్ష చేయించి, పాత రిపోర్టులన్నీ వరుసగా పెట్టి వైద్యునికి చూపించండి.