టర్బో మార్చారు సరే, బీమా సంస్థకు చెప్పారా?

ప్రశ్న: నా కారుకు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయించి, అంటే అందులోని ప్రోగ్రాం మార్పించి, పెద్ద టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే భాగం), కొత్త ఎగ్జాస్ట్ (పొగగొట్టం) పెట్టించాను. అందుకు వ్యక్తిగత రుణం తీసుకున్నా. బీమా రెన్యువల్ దగ్గరపడింది. చెబితే ప్రీమియం పెంచుతారట. చెప్పకపోతే ఏమవుతుంది?

జవాబు: మీ బెంగ ప్రీమియం గురించి. అసలు ఈ రోజు మీ కారుకు బీమా ఉన్నట్టా లేనట్టా అన్నది నా బెంగ. సంస్థ లెక్కగట్టింది కంపెనీ నుంచి వచ్చిన కారుకు. టర్బో ఇంజిన్‌కు ఒక్క రీమ్యాప్‌తోనే శక్తి 20 నుంచి 30 శాతం దాకా పెరగొచ్చు. మీరు టర్బో కూడా మార్చారు. బ్రేకుల ఊసెత్తలేదంటే అవి పాతవేనేమో! ఈ మార్పులు బిగించకముందే చెప్పాల్సినవి, రెన్యువల్ దాకా ఆగాల్సినవి కావు.

'బయటికి కనిపించదు కదండీ' అని చాలామంది అంటుంటారు. పెద్ద ప్రమాదమైతే బానెట్ ఎత్తి చూసి ఊరుకోరు. స్కానర్ తగిలించి ఈసీయూలోని ప్రోగ్రాంను కంపెనీదానితో పోల్చి చూడొచ్చు. దాన్ని ఎన్నిసార్లు మార్చారన్న లెక్క కూడా చాలా కార్లలో అందులోనే ఉంటుంది. దాచిన సంగతి బయటపడితే క్లెయిమ్ పోవచ్చు. అప్పుడు కారు పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. ఎదుటివారికి పరిహారం కట్టాల్సి వస్తే, చాలాచోట్ల సంస్థ ముందు కట్టేసి తర్వాత మీ దగ్గర వసూలు చేయొచ్చు. నేను భయపడేది దీనికే.

ఈ రోజే మార్పుల జాబితా, బిల్లులు, ఫొటోలు జతచేసి మెయిల్ పెట్టండి. ఏజెంట్ ఫోన్లో 'పర్లేదండీ' అంటే సరిపోదు, పాలసీ మీద ఎండార్స్‌మెంట్ (మార్పులను ఒప్పుకున్నట్టు సంస్థ రాసిచ్చేది) పడాలి. కొత్త భాగాల విలువ అందులో విడిగా రాయించకపోతే పరిహారం పాత భాగాల లెక్కనే వస్తుంది. మీ సంస్థ ఒప్పుకోకపోతే, ఇలా మార్చిన కార్లకు పాలసీ ఇచ్చే సంస్థను చూసుకోండి. రేస్ ట్రాక్ మీదికి మాత్రం మామూలు పాలసీని నమ్ముకుని వెళ్లకండి.

అయినా అప్పు చేసి టర్బో ఏమిటండీ? బిగించిన రోజే సగం విలువ పోయే వస్తువుకు ఏళ్ల తరబడి వడ్డీయా! రేపు జీతం ఆగితే ఎన్ని వాయిదాలు కట్టగలరు? ఆరు నెలల ఖర్చులు చేతిలో లేకపోతే, ఆ ఎగ్జాస్ట్, టర్బో విప్పి అమ్మేసి వచ్చినంత అప్పుకు కట్టండి. రీమ్యాప్ కూడా తీయించి, అదీ సంస్థకు రాసివ్వండి. పాత భాగాలు పారేయలేదు కదా?