ఒంటికాలిపై నిలబడినప్పుడు పక్కకు ఒరిగిపోకుండా ఆపేది ఏ కండరం?

ఆ పని చేసేవి పిరుదుల్లోని గ్లూటియస్ మీడియస్, దాని అడుగున ఉండే గ్లూటియస్ మినిమస్. పిరుదులకు ఆకారాన్నిచ్చే పెద్ద కండరమైన గ్లూటియస్ మాక్సిమస్ పని వేరు: కూర్చున్నచోటి నుంచి లేవడానికి, మెట్లెక్కడానికి, పరుగెత్తడానికి అది తొడను బలంగా వెనక్కి చాపుతుంది. చదునైన నేల మీద నెమ్మదిగా నడిచేటప్పుడు దాని అవసరం తక్కువే.

మీడియస్, మినిమస్ రెండూ తుంటి ఎముక వెలుపలి ముఖం నుంచి బయలుదేరి, తొడ ఎముక పైభాగాన పక్కకు పొడుచుకొచ్చిన గ్రేటర్ ట్రొకాంటర్ అనే బుడిపెకు అతుక్కుంటాయి. కుడికాలు ఎత్తి అడుగు వేసిన ప్రతిసారీ ఎడమవైపు కండరాలు బిగుసుకుని, కటి (నడుము కింద ఉండే ఎముకల వలయం) కుడివైపుకు వాలిపోకుండా ఆపుతాయి. తుంటి ఎముక పై అంచుకు కాస్త కిందుగా రెండు పక్కలా వేళ్లు ఆనించి ఒక కాలు ఎత్తి చూడండి. నేల మీదున్న కాలి వైపు ఆ బిగువు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ఈ కండరాలు గానీ, వాటిని నడిపే సుపీరియర్ గ్లూటియల్ నాడి గానీ దెబ్బతింటే, ఎత్తిన కాలి వైపు కటి కిందికి జారుతుంది. జర్మన్ శస్త్రచికిత్స నిపుణుడు ఫ్రీడ్రిక్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వివరించిన ఈ లక్షణాన్ని వైద్యులు నేటికీ పరీక్షిస్తారు.

పిరుదుకు ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తే పైభాగపు బయటి మూలనే ఎంచుకోవాలి, ఎందుకంటే నడుము నుంచి కాలిలోకి వెళ్లే సయాటిక్ నాడి అంతకన్నా కిందుగా, లోపలివైపుగా సాగుతుంది. దానికి సూది తగిలితే పాదం పైకెత్తలేని స్థితి రావచ్చు. పసిపిల్లలకు టీకాలను తొడకు వేయడానికి ఇదొక ముఖ్య కారణం.