రెండు గ్రాముల దగ్గర పోయే పాతిక రూపాయలు

విల్లివాక్కం, చెన్నై

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో నువ్వు "పెద్దమ్మా, నూటయాభై రూపాయల జూకాలకి తొంభై రూపాయలు కొరియర్‌కే పోతే నాకింకేం మిగుల్తుంది" అన్నప్పుడు మనసు చివుక్కుమంది. రాత్రంతా కూర్చుని పూసలు గుచ్చేది నువ్వు, డబ్బు పోయేది దారి ఖర్చుకి. ఎనిమిదేళ్లుగా పూసలు, లేసులు, జాకెట్ కుచ్చులు ఊరూరికీ పంపుతున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. దాచుకుని మళ్లీ మళ్లీ చూసుకో.

ముందు గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కావాలి నీకు. తూకం తెలియకుండా రేటు అడగడం దండగ. ప్రైవేటు కొరియర్లు, ఆ షిప్పింగ్ యాప్‌లు చాలావరకు అరకిలో నుంచే లెక్క మొదలుపెడతాయి. నీ జూకాలు పధ్నాలుగు గ్రాములే అయినా నువ్వు అరకిలో సరుకు డబ్బు కడుతున్నావు. స్పీడ్ పోస్టు కవర్లలో మొదటి శ్లాబు, అంటే ఒకే రేటు పడే మొదటి బరువు మెట్టు, 50 గ్రాములు. మనలాంటి వాళ్లకి ఆ 50 గ్రాములే ప్రాణం.

స్పీడ్ పోస్టు డాక్యుమెంట్ కవర్లకి 2025 అక్టోబరు 1 నుంచి వచ్చిన కొత్త రేట్ల ప్రకారం (నీ జూకాల కవరుని ఈ రేటుకే తీసుకుంటారో, పార్సిల్ అంటారో కౌంటరులో ముందే అడుగు) 50 గ్రాముల లోపు కవరు చెన్నై ఊళ్లోనే అయితే 19 రూపాయలు, బయటి ఊరు ఎంత దూరమైనా 47. దీనిమీద 18 శాతం జీఎస్టీ. అంటే లోకల్‌కి 22 రూపాయల 42 పైసలు, బయటికి 55 రూపాయల 46 పైసలు. శ్రీకాకుళమైనా ఢిల్లీ అయినా అంతే. 50 దాటిందా, దూరాన్ని బట్టి మారుతుంది. 250 గ్రాముల దాకా విజయవాడకి 63, హైదరాబాద్‌కి 68, పైన జీఎస్టీ. హైదరాబాద్ కవరుకి 80 రూపాయల 24 పైసలు అవుతుందన్నమాట. రిజిస్టర్డ్ పోస్టు ఏమైందని అడిగావుగా, దాన్ని 2025లో స్పీడ్ పోస్టులోనే కలిపేశారు.

పోయిన వారం నువ్వు నా దగ్గర వదిలి వెళ్లిన ప్యాకెట్ విప్పి ఒక్కొక్కటీ తూచాను. జూకాలు 14 గ్రాములు, అవి గుచ్చిన కార్డు 6, అట్టలు 16, కవరు 9, రంగురంగుల థాంక్యూ కార్డు 7. మొత్తం 52. 50 దాటిన ఆ రెండు గ్రాముల కోసం హైదరాబాద్‌లో కొన్న అమ్మాయి కవరు మీద దాదాపు పాతిక రూపాయలు ఎక్కువ పడుతుంది. థాంక్యూ కార్డు తీసేసి, ఆ మాటేదో జూకాల కార్డు వెనకే నీ చేత్తో రాయి. 45కి వచ్చేస్తుంది. టేపుకీ అడ్రసు కాగితానికీ ఇంకా చోటుంటుంది. ఇంట్లో 48 దాటకుండా చూసుకో, కౌంటరు దగ్గర త్రాసు ఒక గ్రాము అటూ ఇటూ చూపిస్తుంది.

అట్ట మాత్రం తగ్గించకు. జూకా ఉబ్బెత్తుగా ఉంటుంది, పైన బరువు పడితే బుట్ట సొట్టపోతుంది. పాత అట్టపెట్టె ముక్క తీసుకుని మధ్యలో జూకాలు పట్టేంత కన్నం కొయ్యి. అందులో పక్కపక్కనే కూర్చోబెట్టి, కింద ఒకటి పైన ఒకటి పల్చటి అట్ట వేసి టేపు చుట్టు. ఊపి చూస్తే గలగలమనకూడదు. కవర్లు ఒక్కొక్కటీ షాపులో కొనకు, ఇక్కడే చెన్నై పారీస్ కార్నర్‌లో ఆండర్సన్ వీధికి వెళ్లి హోల్‌సేల్‌లో తెచ్చుకో. నేను తీసుకెళ్తా.

ఒకళ్లే నాలుగైదు జతలు కొంటే 250 గ్రాముల కవరు చాలా లాభం. హైదరాబాద్‌కి అయిదు జతలు కలిపి పంపితే జతకి 16 రూపాయలు పడుతుంది. అందుకే అక్కచెల్లెళ్లు, ఆఫీసు స్నేహితులు కలిసి ఆర్డరిస్తే ఒకే పోస్టు ఖర్చని ఫోటో కింద రాసి పెట్టు.

కొరియర్ అసలు వద్దని కాదు. అరకిలో దగ్గర్లో సరుకుంటే రేటు అడిగి చూడు. పెట్టె సైజు మాత్రం జాగ్రత్త. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, వచ్చిన కిలోలు అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే డబ్బు. 20, 15, 10 పెట్టె ఖాళీగా ఉన్నా 600 గ్రాముల కింద లెక్క, అంటే అరకిలో దాటినట్టే. ఒకసారి నా లేసుల పెట్టెలు నలభై వెళ్లాక, తూకం తేడా అని చెప్పి ఒక కొరియర్ వాళ్లు నా ఖాతాలోంచి డబ్బు కోసేసుకున్నారు. రుజువు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. చాలా బాధపడ్డాను. అప్పట్నుంచి ప్రతి పెట్టెనీ త్రాసు మీద పెట్టి, పక్కన కొలత టేపు పరిచి ఫోటో తీసుకుంటున్నా. నువ్వూ తియ్యి.

క్యాష్ ఆన్ డెలివరీ ఇప్పుడే పెట్టుకోకు. తలుపు దగ్గర వద్దన్నారంటే రానూపోనూ ఖర్చు నీదే. ముందు డబ్బు, తర్వాత పోస్టు.

పిన్‌కోడ్ మొదటి అంకె చూసుకో. మన తమిళనాడుకి 6, ఆంధ్ర, తెలంగాణలకి 5. వరంగల్ అడ్రసు కింద 6తో మొదలయ్యే పిన్ ఉంటే పోస్టు చేసేముందే ఫోన్ చేసి అడుగు. ఫోన్ నంబరు కవరు మీద తప్పకుండా రాయి. రసీదు మీద రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్ ఉంటుంది కదా, ఆ నంబరు ఫోటో తీసి కొన్నవాళ్లకి అదే రోజు పంపు. ఖరీదైన జూకాలు పంపేటప్పుడు 5 రూపాయలు, జీఎస్టీ కట్టి ఓటీపీ డెలివరీ అడుగు, కొన్నవాళ్లు ఓటీపీ చెబితేనే ఇస్తారు.

స్టిక్కర్లు, బుక్‌మార్కులు అమ్ముతానన్నావు. చవకవైతే మామూలు తపాలాలో వెయ్యి, ప్రతి 20 గ్రాములకీ 5 రూపాయల స్టాంపు. ట్రాకింగ్ ఉండదని కొన్నవాళ్లకి ముందే చెప్పాలి.

బుధవారం మధ్యాహ్నం రా. నా దగ్గర పాత త్రాసు ఒకటి ఊరికే ఉంది, బ్యాటరీ మార్చి పెట్టాను, తీసుకెళ్లు. కట్టాల్సిన జూకాలన్నీ తెచ్చుకో, ఇద్దరం కూర్చుంటే పోస్టాఫీసు మూసేలోపు అయిపోతాయి.

నీ పెద్దమ్మ