ఫోకస్ గ్రూప్ డబ్బును నమ్ముకుని 36 వాయిదాలా?

ప్రశ్న: నాకు ఉద్యోగం ఉంది, జీతం టైముకే పడుతుంది. గత 5 నెలల్లో 3 ఫోకస్ గ్రూపులకు (అభిప్రాయాలు చెప్పినందుకు కంపెనీలు డబ్బిచ్చే చర్చలకు) వెళ్లాను. ఒక్కో సెషన్‌కు నా జీతంలో దాదాపు 8 శాతం వస్తోంది. కొత్త బండి ఈఎంఐ కూడా సరిగ్గా అంతే, కాబట్టి నెలకో సెషన్ చేసి 36 వాయిదాలూ కట్టేద్దామనుకుంటున్నాను. మూడో సెషన్ డబ్బు 5 వారాలైనా రాలేదు. అది వస్తుందని ముందే ఖర్చు పెట్టేశాను, కార్డు బిల్లుకు తక్కువ పడి లోన్ యాప్‌లో 30 రోజులకు తీసుకున్నాను, స్క్రీన్‌షాట్ పంపుతున్నాను. ఇంటి ఖర్చులకు జీతంలో 60 శాతం పోతుంది, పొదుపు ఏమీ లేదు. గ్రూపుల్లోకి మళ్లీ మళ్లీ పిలవాలంటే 'ఇంతకుముందు ఎప్పుడూ పాల్గొనలేదు' అని చెప్పమంటున్నాడు ఫ్రెండ్. పాత బండి నడుస్తోంది. కొత్త బండి తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. కనీసం ఇప్పుడు వద్దు. మీ ప్రశ్నకు జవాబు రాయడానికి కారణం, ఇదే లెక్క వేరే వేరే పేర్లతో నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. ఒకరిది ఓవర్‌టైమ్, ఒకరిది సెలవు రోజుల్లో చేసే పని, మీది ఫోకస్ గ్రూపులు. రెండు మూడుసార్లు చేతికందిన డబ్బును జీతంలో కలిపేసుకుని, ఆ మొత్తం మీద అప్పు ఎక్కించుకోవడం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సెషన్ ఇంకా ఖాయం కాలేదు, దానికి వాయిదా తేదీ మాత్రం ఖాయమైపోయింది.

ఫోకస్ గ్రూపులు చెడ్డవని నేను అనను. బల్ల చుట్టూ ఆరుగురో, ఎనిమిది మందో, పది మందో కూర్చుంటారు, గంటన్నరో రెండు గంటలో ఒక మోడరేటర్ అడుగుతుంటే మీరు నిజంగా ఏమనుకుంటున్నారో చెప్తారు, అంతా రికార్డు చేసుకుంటారు, అద్దం వెనక నుంచో వీడియోలోనో కంపెనీ వాళ్లు వింటారు. నిజాయితీగా సంపాదించిన డబ్బే అది. కానీ ఈ పనికి ఒక లక్షణం ఉంది, మీ లెక్కలో అది ఎక్కడా లేదు. ఎన్నిసార్లు వెళ్తే అంత తక్కువగా పిలుస్తారు! మిగతా ఏ పనిలోనైనా అనుభవం పెరిగితే గిరాకీ పెరుగుతుంది, ఇక్కడ తగ్గుతుంది. వాళ్లకు కావలసింది కొత్త మనుషులు. నాలుగు గ్రూపుల్లో కూర్చున్న మనిషికి మోడరేటర్ ఏం వినాలనుకుంటున్నాడో తెలిసిపోతుంది, ఆ తర్వాత ఆయన చెప్పే అభిప్రాయానికి విలువ ఉండదు. అందుకే సెలక్షన్ ప్రశ్నల్లోనే 'ఈమధ్య ఇలాంటి చర్చకు వెళ్లారా' అని అడుగుతారు, చాలా చోట్ల ఒకసారి వెళ్తే 3 నుంచి 6 నెలలు మళ్లీ తీసుకోరు, అదే విషయం మీదైతే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు మీ 36 వాయిదాలను దీని పక్కన పెట్టి చూడండి. 6 నెలలకోసారి అంటే ఒక సంస్థ నుంచి ఏడాదికి 2. నాలుగు సంస్థల్లో పేరు ఇచ్చి, నలుగురూ ప్రతిసారీ మిమ్మల్నే ఎంచుకున్నా 8. మీకు కావలసింది ఏడాదికి 12, అదీ వరసగా మూడేళ్లు. ఫారం నింపిన ప్రతిసారీ ఎంపిక అవుతారా? వాళ్లకు ఒకసారి ఫలానా వయసు వాళ్లు కావాలి, ఇంకోసారి ఫలానా వస్తువు వాడేవాళ్లు కావాలి. అది మీ చేతిలో లేదు.

మీ ఫ్రెండ్ చెప్పినట్టు అబద్ధం మాత్రం ఆడకండి. ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు సరిచూస్తే దొరికిపోతారు, ఆ రోజు డబ్బు రాదు, తర్వాత పిలుపూ రాదు. అదొక్కటే కాదు. ఈ పద్ధతికి పునాది వేసినవాళ్లలో ఒకరైన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్, ప్యాట్రీషియా కెండాల్‌తో కలిసి 1946లో రాసిన వ్యాసంలో పెట్టిన మొదటి షరతే, మాట్లాడేవాళ్లు చర్చించే విషయంలో నిజంగా అనుభవం ఉన్నవాళ్లై ఉండాలని. అబద్ధం చెప్పి లోపలికి వెళ్లి కూర్చుంటే మీరు అమ్ముతున్నది అభిప్రాయం కాదు. అప్పు తీర్చడానికి అబద్ధం ఆడే స్థితికి అప్పుడే వచ్చారంటే, అది చూసి నాకు నిజంగా భయమేసింది.

ఇక ఆ లోన్ యాప్. మీరు పంపిన స్క్రీన్‌షాట్ రెండుసార్లు చూశాను. పైన పెద్ద అక్షరాల్లో '30 రోజులు, సులభంగా', కింద చిన్న అక్షరాల్లో ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకున్న లైను. మీ అంకెల్నే వంద లెక్కన చెప్తాను. చేతికి వచ్చింది 90, నెల తిరిగేసరికి కట్టాల్సింది 100. అంటే 90 మీద 10, నెలకు 11 శాతం పైన, ఏడాదికి మామూలు వడ్డీ లెక్కేసినా 130 శాతం దాటుతుంది. ఇంత వడ్డీకి అప్పు తెచ్చి కట్టింది దేనికి? ఇంకా రాని డబ్బును నమ్ముకుని పెట్టిన ఖర్చుకు. గడువు పెంచుతామని ఆ యాప్ మెసేజ్ పెడుతుంది, దయచేసి నొక్కకండి. రాబోయే జీతంలోంచి మొట్టమొదట దీన్ని పూర్తిగా తీర్చేసి, యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి. మినిమం డ్యూ కట్టి కార్డు బిల్లు మోయడం కూడా ఇలాంటిదే. నెలకు 3 శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది గానీ వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది.

మీకు అసలు లేనిది బండి కాదు, అత్యవసర నిధి. 5 వారాలు ఆలస్యమైన ఒకే ఒక్క చెల్లింపు మిమ్మల్ని లోన్ యాప్ దాకా తీసుకెళ్లింది. రేపు ఆలస్యమయ్యేది జీతమే అయితే? మీ 3 సెషన్ల డబ్బు మొత్తం కలిపితే ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుందో ఎప్పుడైనా లెక్క వేశారా? 12 రోజులు. ఒక్కో సెషన్‌కు 4 రోజులు. నేనైతే ఆ డబ్బును ఇలాగే చూడమంటాను, వాయిదాగా కాదు, ఇంట్లో 4 రోజుల ధైర్యంగా. సెషన్ డబ్బు వచ్చిన రోజే, వచ్చింది వచ్చినట్టు వేరే ఖాతాలో పడాలి. ఆ ఖాతాకు కార్డు తీసుకోవద్దు, ఫోన్‌లో చెల్లింపులకు దాన్ని కలపవద్దు.

అయితే ఆ నిధి సెషన్లతోనే నిండదు. ఖర్చులు పోగా జీతంలో 40 శాతం మిగలాలి, అది ఎటు పోతోందో మీరు రాయలేదు. బహుశా మీకూ తెలియదేమో, ఒక నెలపాటు ప్రతి ఖర్చూ రాసి పెట్టండి. అందులో సగం, అంటే జీతంలో 20 శాతం, జీతం పడిన రోజే పక్కకు తీస్తే 3 నెలల్లో ఒక నెల ఖర్చు చేరుతుంది. 6 నెలల ఖర్చు చేరడానికి 18 నెలలు. మీరు బండికి కడతానన్న కాలంలో సగం! మధ్యలో సెషన్లు దొరికితే ఇంకాస్త ముందే అవుతుంది, దొరకకపోయినా లెక్క తప్పదు, టెన్షన్ ఉండదు.

మిగతావి క్లుప్తంగా. మీ మీద ఆధారపడినవాళ్లు ఉంటే టర్మ్ పాలసీ, హెల్త్ పాలసీ ఉన్నాయో లేదో చూసుకోండి, కేవలం కంపెనీ ఇచ్చిన దాని మీదే ఉండొద్దు. సెషన్ల ఆదాయం పన్ను లెక్కలో చూపాలేమో మీ ఆడిటర్‌ని అడగండి. గ్రూపులో చేర్చుకోవడానికి రిజిస్ట్రేషన్ ఫీజు అడిగినా, ఓటీపీ అడిగినా, చర్చ అని పిలిచి చివర్లో ఏదైనా అమ్మజూపినా లేచి వచ్చేయండి, నిజమైన పరిశోధన సంస్థ మీకు డబ్బిస్తుంది గానీ మీ దగ్గర తీసుకోదు, పరిశోధన పేరుతో అమ్మకాలు చేయకూడదని మార్కెట్ పరిశోధనకు అంతర్జాతీయంగా ఉన్న ఐసీసీ ఎసోమార్ నియమావళిలోనే ఉంది. ఇకపై ఒప్పుకునే ముందు డబ్బు ఎప్పుడు, ఏ రూపంలో ఇస్తారో మెసేజ్‌లో రాయించుకోండి, కొందరు గిఫ్ట్ కార్డులు ఇస్తారు, వాటితో ఏ ఈఎంఐ కట్టలేరు. రావాల్సిన మూడో సెషన్ డబ్బు కోసం మిమ్మల్ని పిలిచిన ఆ సంస్థకే సెషన్ తేదీ వేసి ఈరోజే మెయిల్ పెట్టండి.

పాత బండి నడుస్తోందని మీరే రాశారు కదా, నడవనివ్వండి. ఆ వేరే ఖాతాలో 6 నెలల ఖర్చు చేరాక నాకు మళ్లీ రాయండి, డౌన్ పేమెంట్ ఎంత పెట్టాలో, వాయిదాలు ఎన్నింటికి తగ్గించుకోవచ్చో అప్పుడు లెక్క వేద్దాం.