భ్రామరి చేస్తుంటే తల తిరుగుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 56 ఏళ్లు. పొగాకు రైతును. బ్యారన్ (పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే గది) కాల్చే రోజుల్లో రాత్రుళ్లు మేలుకొని కాపలా ఉండటం వల్ల నిద్ర చెడింది, పొగాకు వేలం ముగిసినా తిరిగి కుదురుకోలేదు. మా అమ్మాయి భ్రామరీ ప్రాణాయామం (చెవులు మూసుకుని తుమ్మెదలా నాదం చేస్తూ ఊపిరి వదలడం) నేర్పింది. మనసుకు హాయిగానే ఉంటుంది గానీ, నాలుగైదు సార్లు చేసేసరికి తల తిరిగి వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతున్నాయి. ఊపిరి బిగబట్టాలా? ఇది చేస్తే బీపీ మాత్ర మానేయవచ్చని పక్కింటాయన అంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకుడు, టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా

జవాబు: మాత్ర మానకండి. ప్రాణాయామం మందుకు తోడుగా ఉండవలసినదే తప్ప మందుకు బదులు కాదు. మోతాదు తగ్గించాలో లేదో మీ వైద్యుడే చెప్పాలి.

తల తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం సాధన సమయంలోనే కలిసి వస్తున్నాయంటే, మీరు అవసరానికి మించి గాలి పీల్చి వదులుతున్నారని నాకు అనిపిస్తోంది. అలా చేసినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, మెదడుకు రక్తాన్ని తీసుకువెళ్లే నాళాలు కొంత ముడుచుకుంటాయి. గుండెల నిండా పీల్చాలన్న పట్టుదల చాలామందిలో చూస్తాం. భ్రామరికి అది అక్కర్లేదు. వెన్ను నిటారుగా ఉంచి, పెదవులు మూసి, పై పళ్లు కింది పళ్లకు తగలకుండా దవడ వదులు చేసి, ముక్కుతో మూడు నాలుగు సెకన్లు మామూలుగా పీల్చి, ఆరేడు సెకన్ల పాటు సన్నని తుమ్మెద నాదంతో వదలండి. శ్రీశైలంలో భ్రమరాంబ గుడి వెనుక గోడకు చెవి ఆనిస్తే వినిపిస్తుందని భక్తులు చెప్పుకునే ఝుంకారం ఎంత మెత్తనిదో ఊహించుకోండి, మీ నాదమూ అలాగే ఉండాలి. నాదం వణుకుతోందంటే ఊపిరి అయిపోయిందని అర్థం, ఇంకా లాగకండి. ఒక్కో నాదానికీ మధ్య రెండు మూడు మామూలు శ్వాసలు తీసుకోండి. మీ ఇబ్బందికి అసలు విరుగుడు ఈ విరామమే. చెవులు మూసేటప్పుడు వేలు రంధ్రంలోకి దూర్చకుండా, దాని ముందు బుగ్గ వైపు ఉండే చిన్న మెత్తటి భాగాన్ని నొక్కితే చాలు. చెవిపోటు, చీము ఉన్న రోజుల్లో అదీ వద్దు.

హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం భ్రామరిని ఎనిమిది కుంభకాల్లో (ఊపిరి నిలిపే పద్ధతుల్లో) ఒకటిగా చెప్పింది కనుక కొందరు గురువులు ఊపిరి నిలపమంటారు. రక్తపోటు ఉన్న మీరు బిగబట్టవద్దు. సామాన్యంగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తాం. నిశ్వాసను పొడిగించినప్పుడు గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం తగ్గుతుంది. మీకు కలిగే ఆ హాయికి పొడవైన నిశ్వాసే ముఖ్య కారణం, బిగబట్టడం కాదు.

పడుకోబోయే ముందు, భోజనమైన రెండు మూడు గంటలకు, బ్యారన్ పొగ తగలని చోట కూర్చుని ఐదారు నాదాలతో ఆపండి. రాత్రి ఎప్పుడు నిద్ర పట్టినా ఉదయం ఒకే వేళకు లేవండి, మేలుకోవడానికి అలవాటుపడిన శరీరం దారికి రావడానికి అది చాలా ముఖ్యం. సాధన చేయని సమయంలో కూడా తల తిరిగితే మాత్రం ఆలస్యం చేయకుండా బీపీ చూపించుకోండి. కొన్ని బీపీ మాత్రల వల్ల కూడా అలా జరుగుతుంది కాబట్టి, ఏ వేళకు, లేచినప్పుడా కూర్చున్నప్పుడా అన్నది కాగితం మీద రాసుకుని తీసుకువెళ్లండి.